గ్రోరుడ్ (ఓస్లో): బండ ఎక్కడ ఆగుతుంది, బంకమట్టి ఎక్కడ మొదలవుతుంది?

ప్రశ్న: వాలుమీద_ఇల్లు

ఓస్లోలోని గ్రోరుడ్‌లో, ట్రొండ్‌హైమ్స్‌వైయెన్ రోడ్డుకి పైన, లిల్లోమార్కా అడవి వైపు ఎక్కే వాలులో ఒక పాత చెక్క ఇల్లు. దానికి వెనకవైపు బేస్‌మెంట్ లేకుండా 20 చదరపు మీటర్ల గది కలపాలని ఆలోచన. చిక్కల్లా నేలతోనే. పెరట్లో ఎగువ మూల ఎర్రటి బండ నేలకి పైన కనిపిస్తోంది. అక్కడి నుంచి ఎనిమిది మీటర్లు దిగువకి వస్తే గునపం బూడిదరంగు బంకమట్టిలోకి దిగిపోతోంది. కొత్త గది సరిగ్గా ఈ రెంటి మధ్యన పడుతుంది.

ఆ ఎర్రబండ గ్రానైటేనా? దాంట్లో బఠాణీ గింజంత ఖాళీలు, వాటి లోపల నల్లటి సన్నని స్ఫటికాలు ఉన్నాయి. బంకమట్టి ఎంత లోతుందో, అది క్విక్ క్లేనో (కదిపితే ద్రవంలా పారే బంకమట్టి) కాదో కాంట్రాక్టరును పిలవకముందే ఎంతవరకు తెలుసుకోవచ్చు? ఇంటి వెనక అడవిలో పాత క్వారీ గుంటలు, పారబోసిన రాళ్ల కుప్పలు ఉన్నాయి. అవి ఏ కాలానివి? పెరటి కింద కూడా అలాంటి పారబోత ఉండవచ్చా? నేలలోంచి ఇంట్లోకి ఊరే రేడియోధార్మిక వాయువు రాడాన్ గురించి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1: నార్డ్‌మార్కా_రాళ్లు

రాళ్ల వ్యాపారంలో దాని పేరు గ్రోరుడ్ గ్రానైట్. భూవిజ్ఞానం లెక్కలో అది గ్రానైట్ కాదు, నార్డ్‌మార్కైట్ అనే క్వార్ట్జ్ సైనైట్. తేడా క్వార్ట్జ్ పాళ్లలో ఉంది. రాతిలోని క్వార్ట్జ్‌ను, ఫెల్డ్‌స్పార్‌ను మాత్రమే లెక్కేసినప్పుడు క్వార్ట్జ్ అయిదో వంతు దాటితే గ్రానైట్ అంటారు, నార్డ్‌మార్కైట్‌లో అంతకన్నా తక్కువ ఉంటుంది. చూడాలంటే ఎండావానలు తిన్న పాత ముఖం పనికిరాదు. కొత్తగా విరిగిన ముక్కను తడిపి, పది రెట్ల భూతద్దం కింద పెట్టండి. చదునైన ముఖాలతో తళుక్కుమనే ఎర్రటి గింజలన్నీ ఫెల్డ్‌స్పార్. వాటి సందుల్లో పొగరంగులో, గాజులా, చదును లేకుండా పగిలినవి క్వార్ట్జ్. ఆ ఎరుపు ఫెల్డ్‌స్పార్ లోపల ధూళిలా చెదిరిన ఇనుప ఆక్సైడ్ వల్ల వచ్చింది.

మీరు చెప్పిన ఖాళీలు ఈ రాతికి ముఖ్యమైన గుర్తు. శిలాద్రవం భూమి పైపొరలకి బాగా దగ్గరగా వచ్చి గడ్డకట్టింది. అక్కడ ఒత్తిడి తక్కువ కాబట్టి అందులో కరిగి ఉన్న వాయువులు బుడగలుగా విడిపోయాయి. చల్లారుతున్నకొద్దీ ఆ బుడగల గోడల మీద స్ఫటికాలు లోపలికి పెరిగాయి: ఫెల్డ్‌స్పార్, పొగరంగు క్వార్ట్జ్, సన్నని సూదుల్లా ఏజిరిన్ అనే ఖనిజం. నల్లగా కనిపించేదాన్ని వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే అంచుల్లో ఆకుపచ్చ ఛాయ వస్తే అది ఏజిరిన్ కావచ్చు, నీలి ఛాయ వస్తే సోడియం ఎక్కువగా ఉన్న ఆంఫిబోల్ అనే మరో ఖనిజం కావచ్చు. ఈ ఖాళీల వల్ల రాయి బలహీనమైందని భయపడక్కర్లేదు. మీ గది బరువు దానికి లెక్కలోకే రాదు.

కాలం సంగతికొస్తే, ఇది పర్మియన్ యుగపు రాయి, సుమారు 25 నుంచి 28 కోట్ల ఏళ్ల కిందటిది. అప్పట్లో ఇక్కడ ఖండం సాగి చీలడం మొదలైంది. ఓస్లో రిఫ్ట్ అనేది ఆ చీలికే. గ్రోరుడ్ లోయ దాని తూర్పు అంచున పడుకుని ఉంది. అందుకే లోయకి రెండు ఒడ్డుల మీద రెండు వేర్వేరు లోకాలు. వాయవ్యాన లిల్లోమార్కా వైపు ఈ ఎర్ర నార్డ్‌మార్కైట్. ఆగ్నేయాన ఓస్ట్‌మార్కా వైపు వంద కోట్ల ఏళ్లు దాటిన చారల నైస్ రాయి. లోయ దిగువన, బ్రీన్ వైపు, పర్మియన్ కన్నా పాతవైన కేంబ్రియన్ నుంచి సిలూరియన్ దాకా యుగాల్లో సముద్రం అడుగున పేరుకున్న షేల్ (గట్టిపడిన బురదరాయి), సున్నపురాయి మిగిలి ఉన్నాయి. నల్లటి ఆలమ్ షేల్ కూడా ఆ వరుసలోదే. వేడి శిలాద్రవం తగిలిన చోట షేల్ గట్టిపడి హార్న్‌ఫెల్స్ అయింది. సుత్తితో కొడితే ఖంగుమంటుంది.

బండను కోస్తూ పోయే ఆకుపచ్చటి, సన్నగింజల పట్టీ ఎక్కడైనా కనిపిస్తే వదలకుండా చూడండి. గ్రోరుడైట్ అనే రాతికి పేరు ఈ ఊరి నుంచే వచ్చింది. 1890లలో వాల్డెమార్ క్రిస్టఫర్ బ్రొగ్గర్ ఓస్లో ప్రాంతపు అగ్నిశిలల్ని వర్గీకరిస్తూ దాన్ని వర్ణించాడు. నార్డ్‌మార్కైట్ పేరు పెట్టిందీ ఆయనే. అయితే క్వారీ గోడ మీద సుత్తి వేయకండి. నేల యజమాని అనుమతి తీసుకుని, పారబోత కుప్పలోంచి రాలిపడిన ముక్క చాలు.

కట్టడానికి సంబంధించి ఒక్క హెచ్చరిక. హిమానీనదం నునుపు చేసిన ఈ బండ ఉపరితలం పైకి మెల్లటి వాలులా కనిపించినా మట్టి కింద ఉన్నట్టుండి నిట్టనిలువుగా పడిపోవచ్చు. ఎగువ మూలలో కనిపించే వాలును పొడిగించి దిగువ మూల లోతు ఊహించవద్దు. బండ పైపొర నేలకి సమాంతరంగా చీలి, పలక విడిపోయి కూడా ఉండవచ్చు. సుత్తి మోత బోలుగా వస్తే ఆ పలక తీసేసి కింది గట్టి రాయి దాకా వెళ్లాలి.

జవాబు 2: మట్టి_కొలత

మీ ప్రశ్నలో డబ్బుకీ భద్రతకీ సంబంధించింది బంకమట్టి భాగమే కాబట్టి దాని మీదే రాస్తున్నాను.

ముందు అది అక్కడికి ఎలా వచ్చిందో తెలియాలి. మంచుయుగం చివర, దాదాపు 11,000 ఏళ్ల కిందట, హిమానీనదం ఓస్లో దాటి వెనక్కి వెళ్తున్నప్పుడు మంచు బరువుకి భూమి కుంగి ఉంది. ఇప్పటి సముద్రమట్టం కన్నా సుమారు 220 మీటర్ల ఎత్తు దాకా ఉప్పునీరే. గ్రోరుడ్ లోయ ఒక ఫ్యోర్డ్ పాయ, అంటే లోయలోకి చొచ్చుకొచ్చిన సముద్రం. మంచు కరిగిన నీరు మోసుకొచ్చిన రాతిపిండి ఆ ఉప్పునీటిలో గుంపులు కట్టి అడుగున పడింది. తర్వాత భూమి లేచింది, సముద్రపు అడుగు పొలాలైంది. కాబట్టి 220 మీటర్ల గీతకి దిగువన ఉన్న ఏ స్థలంలోనైనా సముద్రపు బంకమట్టి ఉండే అవకాశం ఉందన్న అనుమానంతోనే మొదలుపెట్టాలి.

క్విక్ క్లే తయారయ్యేది ఆ తర్వాత. మట్టి రేణువుల్ని పట్టి ఉంచిన ఉప్పును వేల ఏళ్లపాటు ఊట నీరు కడిగేస్తుంది. మొదట లీటరుకు 30 గ్రాములకి పైగా ఉన్న ఉప్పు 5 గ్రాముల లోపుకి పడిపోతే మట్టి రేణువుల అల్లిక పేకమేడ అవుతుంది: కదపనంతవరకు నిలబడుతుంది, కదిపితే రేణువుల మధ్యన ఉన్న నీరే దాన్ని ద్రవంగా మారుస్తుంది. కలియబెట్టాక మిగిలే బలం 0.5 కిలోపాస్కల్ లోపు (కొత్త ఐఎస్ఓ లెక్కలో 0.33) ఉంటే నార్వేలో క్విక్ క్లే అంటారు. మీలాంటి చోట, అంటే బండ వాలు మట్టి కిందికి దూరే అంచున, బండ పగుళ్ల గుండా మంచినీరు అడుగు నుంచి మట్టిలోకి ఊరుతుంది. ఉప్పు కడిగే పని అక్కడ బాగా సాగుతుంది. అందుకే బండ దగ్గరే ఉంది కదా అని ధీమా పడకూడదు.

ఇంట్లో కూర్చుని చూడగలిగేవి ఇవి. నార్వే భూవిజ్ఞాన సర్వే, అంటే ఎన్‌జీయూ, ఉచితంగా పెట్టిన మట్టిపొరల మ్యాపులో నీలి రంగు సముద్రపు నిక్షేపం, గులాబీ రంగు బండ లేదా పల్చటి పొర, ఆకుపచ్చ మొరైన్, అంటే హిమానీనదం వదిలిపోయిన రాళ్లూ మట్టీ. గుర్తుంచుకోవలసింది దాని స్కేలు. 1:50,000 మ్యాపులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. రంగు మారే గీత మీ పెరట్లోంచి పోతోందంటే అది పక్కవీధిలో కూడా ఉండవచ్చు. తర్వాత నాడాగ్ అనే జాతీయ డేటాబేసు తెరవండి. చుట్టుపక్కల రోడ్డుకో మెట్రోకో అపార్ట్‌మెంటుకో ఎవరైనా బోరింగు చేసి ఉంటే ఆ చుక్కలూ, బండ తగిలిన లోతూ అందులో దొరుకుతాయి. మూడోది నీటివనరుల సంస్థ ఎన్‌వీఈ వారి క్విక్ క్లే జోన్ల మ్యాపు. జోన్‌లో లేకపోవడం అనేది క్షేమపత్రం కాదు. ఆ జోన్లు పెద్ద జారుళ్లను దృష్టిలో పెట్టుకుని గీసినవి, చిన్న గుంతలోని క్విక్ క్లే వాటిలోకి ఎక్కదు.

తర్వాత పెరట్లో పని. నేలలోని కేబుళ్లు, పైపులు గుర్తించే సేవకి ముందే అర్జీ పెట్టి గీతలు వేయించుకోండి. 10 లేదా 12 మిల్లీమీటర్ల ఉక్కు ఊచ, రెండు మీటర్ల ముక్కలుగా, జోడించుకునేలా తీసుకోండి. గది పడే చోట, దాని చుట్టూ ఒక మీటరు బయటికి, రెండేసి మీటర్లకి ఒక చుక్క చొప్పున గళ్లు గీసి ప్రతి చుక్కలో ఊచ దించి లోతు రాయండి. పైన రెండు నుంచి నాలుగు మీటర్ల దాకా ఎండిన గట్టి పొర ఉండవచ్చు. అక్కడ సుత్తి కావాల్సివస్తుంది, అది బండ కాదు. బండ తగిలితే ఊచ ఎగిరి, మోగి, చేతికి జల్లుమంటుంది. మట్టిలో విడిగా కూరుకున్న పెద్ద రాయి కూడా అలాగే మోగుతుంది కాబట్టి 30 సెంటీమీటర్లు పక్కకి జరిగి రెండుసార్లు మళ్లీ కొట్టాలి. మూడు లోతులూ దగ్గరగా ఉంటేనే బండ అని రాసుకోండి.

ఈ ఊచ లోతు చెబుతుందే తప్ప మట్టి స్వభావం చెప్పదు. చేత్తో చేసే పరీక్ష ఒకటుంది. ఎండిన పొర కిందినుంచి చెదరని గడ్డ ఒకటి తీసి అరచేతిలో పిసకండి. మామూలు బంకమట్టి ముద్దగానే ఉంటుంది, క్విక్ క్లే కొన్ని క్షణాల్లో వేళ్ల సందుల్లోంచి కారుతుంది. కారితే పని అక్కడే ఆపి జియోటెక్నికల్ ఇంజినీరును పిలవాలి. కారకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు, ఎందుకంటే క్విక్ క్లే ఇంకా కింద ఉండవచ్చు. దాన్ని తేల్చేది యంత్రంతో కడ్డీ దించి నేల నిరోధాన్ని కొలిచే టోటల్‌సొండేరింగ్, 54 మిల్లీమీటర్ల సిలిండర్‌తో తీసి ల్యాబులో పరీక్షించే నమూనా.

ఇక జనం తప్పు చేసే చోటు. గది బరువు గురించి అందరూ భయపడతారు, మట్టి నింపడం గురించి ఎవరూ ఆలోచించరు. ఒక మీటరు మందం మట్టో కంకరో పోస్తే చదరపు మీటరుకి దాదాపు రెండు టన్నులు. ఒక అంతస్తు చెక్క గది అంత బరువు ఉండదు. వాలును చదును చేయడానికి దిగువ అంచున కట్ట పోసి, ఎగువన తవ్వితే, బరువు వాలు నెత్తిన పడుతుంది. ఇంకొకరు కింద రోడ్డు పక్కన గోడ కోసం వాలు కాలిని తవ్వితే ఆసరా పోతుంది. వీటిలో ఏ ఒక్కటైనా జారుడును మొదలుపెట్టవచ్చు, రెండూ కలిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. జెర్డ్రుమ్‌లోని ఆస్క్‌లో 2020 డిసెంబరు 30న పదిమంది ప్రాణాలు తీసింది క్విక్ క్లే జారుడే. గ్రోరుడ్ నుంచి అది దూరం కాదు. మట్టి నింపక తప్పకపోతే నురుగు గాజు కంకర, లెకా (కాల్చి ఉబ్బించిన మట్టి) గుళికలు, ఈపీఎస్ (థర్మోకోల్) దిమ్మెల్లాంటి తేలికవి వాడండి. వాటి బరువుకు సమానంగా ముందే మట్టి తీసేస్తే నేలకి కొత్త భారం పడదు.

సగం బండ మీద, సగం మట్టి మీద పునాది వేస్తే గోడ ఏటవాలుగా పగులుతుంది. బండ కుంగదు, మట్టి ఏళ్ల తరబడి నీరు వదులుతూ నెమ్మదిగా కుంగుతుంది. రెండు దారులున్నాయి. మట్టి లోతు మీటరున్నర లోపే అయితే మొత్తం తీసేసి అంతా బండ మీదికి దింపండి. ఎక్కువైతే దిగువ భాగాన్ని బండ దాకా డ్రిల్ చేసి దించిన ఉక్కు పైళ్ల (స్తంభాల) మీద నిలపండి. పాత ఇంటికీ కొత్త గదికీ మధ్య కదలడానికి వీలున్న జాయింటు వదలాలి, ఎందుకంటే పాత ఇల్లు ఇప్పటికే కుంగినంత కుంగింది. బంకమట్టి గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది కూడా. అందుకని స్లాబు అంచు చుట్టూ నేలలో ఇన్సులేషన్ పలకలు పరచడం ఇక్కడ తప్పనిసరి లాంటిది.

చివరిగా డ్రైనేజీ పైపు. కొత్త పైపు కోసం తవ్విన కాలవలో కంకర పోస్తే అది ఊట నీటిని తోడేసే దారి అవుతుంది. నీటిమట్టం పడితే మీ ఇల్లే కాదు, పక్కింటి కింద మట్టి కూడా కుంగుతుంది. కాలవలో అక్కడక్కడ గట్టిగా కూరిన బంకమట్టి అడ్డుకట్టలు పెట్టమని కాంట్రాక్టరుతో రాతపూర్వకంగా ఒప్పించుకోండి. పెద్ద ఎత్తున ఇలాగే జరిగింది రొమెరిక్స్‌పోర్టెన్ రైలు సొరంగంలో. ఓస్లో, లిల్లెస్ట్రొమ్ మధ్య 14.6 కిలోమీటర్ల ఆ సొరంగంలోకి నీరు కారి, ఓస్ట్‌మార్కాలో పుత్‌యెర్న్, లుత్‌వాన్ చెరువుల మట్టం పడిపోయింది, హెల్లెరుడ్ వైపు ఇళ్లు కుంగాయి.

జవాబు 3: ఆకెర్_కాగితాలు

క్వారీల గురించి.

గ్రోరుడ్ చాలాకాలం పొలాల ఊరు. 1854లో నార్వే మొదటి రైలుమార్గం క్రిస్టియానియా (ఓస్లో పాత పేరు) నుంచి ఐడ్స్‌వోల్‌కి ఈ లోయ గుండానే వెళ్లింది, గ్రోరుడ్‌లో స్టేషన్ పెట్టారు. బరువైన సరుకును బండి మీద నగరానికి దింపడం కష్టం, రైలు మీద దింపడం తేలిక. 19వ శతాబ్దం రెండో సగంలో నగరం రాతితో కట్టుకుంటున్నప్పుడు ఈ వాలు మీది క్వారీలు పెరిగింది అందుకే. నార్వే పార్లమెంటు ముందున్న సింహాలు గ్రోరుడ్ రాయే. నమూనా శిల్పి క్రిస్టఫర్ బోర్క్‌ది, చెక్కిన చేతులు ఆకెర్‌షుస్ కోటలో శిక్ష అనుభవిస్తున్నవాళ్లవి. ఊళ్లోనే చూడాలంటే గ్రోరుడ్ చర్చి గోడల దగ్గరికి వెళ్లండి. హరాల్డ్ ఓల్సెన్ నమూనాతో 1902లో పూర్తయింది. మీ పెరటి బండను పక్కన పెట్టుకుని పోల్చడానికి అంతకన్నా మంచి నమూనా లేదు: ఒకే గోడలో గులాబీ నుంచి ముదురు ఎరుపు దాకా కనిపిస్తాయి.

రాతి పనివాళ్లలో చాలామంది స్వీడన్ నుంచి వచ్చినవాళ్లు. కూలి రోజుకింత అని కాదు, చెక్కిన రాయికింత. రోడ్డు దిమ్మెలు, అంచురాళ్లు, మెట్లు ఎక్కువగా చేసేవాళ్లు. క్వార్ట్జ్ ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ రావడం ఆ వృత్తికి అంటుకున్న శాపం. ఈ ఊరి చరిత్ర చెప్పేటప్పుడు చర్చి గోడల అందంతో పాటు దీన్నీ చెప్పాలి.

పని ఎలా చేశారో గోడ మీదే చదవచ్చు. రాయి ఏ దిశలో తేలిగ్గా చీలుతుందో చూసుకుని ఆ గీత వెంట వరుసగా పొట్టి రంధ్రాలు వేసేవాళ్లు. ఒక్కోదాంట్లో రెండు ఇనుప రేకులు, మధ్యన మేకు. అన్నిటినీ ఒక్కొక్క దెబ్బ చొప్పున వంతులవారీగా కొడుతూ పోతే బండ గీత వెంటే విడిపోతుంది. ఒకే మేకును గట్టిగా కొడితే పక్కకి పగిలి దిమ్మె పాడవుతుంది. పెద్ద దిమ్మెల్ని గోడ నుంచి విడదీయడానికి నల్ల మందుగుండు వాడేవాళ్లు. అది నెమ్మదిగా తోస్తుంది, డైనమైట్ లాగా రాయిని లోపల పగలగొట్టదు. కాబట్టి వేలెడు లోతు గుంతల వరుస కనిపిస్తే మేకు పని. పొడుగాటి సగం గొట్టం గుర్తు, చుట్టూ చక్రపు ఆకుల్లా పగుళ్లు ఉంటే అది తర్వాతి కాలంలో రోడ్డుకో ఇంటి పునాదికో చేసిన పేల్చివేత.

మీ పెరటి కింద పారబోత ఉందా అన్నదానికి నేరుగా జవాబు: క్వారీ నోరు ఎటు తెరుచుకుందో చూడండి. తీసిన రాతిలో చాలా భాగం పనికిరాదు, దాన్ని నోటి ముందు దిగువకే తోసేవాళ్లు. పారబోత నోటి కింద విసనకర్రలా పరుచుకుంటుంది, పక్కలకి రాదు. మీ ఇల్లు ఏదైనా క్వారీ నోటికి సూటిగా కింద ఉంటేనే అనుమానించాలి. చెట్ల కింద కనబడకపోతే ప్రభుత్వం ఉచితంగా పెట్టిన హొయ్‌డెడాటా అనే లేజర్ ఎత్తుల మ్యాపులో నీడ దిశ మార్చి చూడండి, గుంటలు, దారులు, కుప్పలు చక్కగా బయటపడతాయి. ఓస్లో మీద 1937లో తీసిన విమాన ఫొటోలు ఇంటర్నెట్లో ఉన్నాయి. వాటిని ఇప్పటి ఫొటోతో పక్కపక్కన పెడితే ఇంటి స్థలం అప్పుడు పొలమో, అడవో, తెల్లటి రాళ్ల కుప్పో తేలిపోతుంది.

కాగితాల కోసం వెతికేటప్పుడు ఒకటి మరచిపోవద్దు. గ్రోరుడ్ 1948 జనవరి 1 దాకా ఓస్లో కాదు, ఆకెర్ మునిసిపాలిటీ. అంతకుముందు కట్టిన ఇంటి ప్లాను కోసం ఓస్లో పేరుతో వెతికితే ఖాళీ చేతులు. నగర అభిలేఖాగారంలో ఆకెర్ పేరుతో, స్థలాన్ని గుర్తించే గోర్డ్స్‌నమ్మెర్, బ్రుక్స్‌నమ్మెర్ అనే నంబర్లు ఇచ్చి అడగాలి. ఆ తర్వాతి అనుమతులు ప్రణాళిక, భవన నిర్మాణ శాఖ వారి సాక్స్‌ఇన్‌సీన్ అనే ఆన్‌లైన్ దస్త్రాల్లో దొరుకుతాయి. పక్క ఇళ్లవి కూడా చదవండి. పునాది డ్రాయింగులో బండ మీదా మట్టి మీదా అన్నది రాసి ఉంటే మీకు సగం పని తీరినట్టే.

ఈ లోయ పటం మొత్తం బండకీ మట్టికీ మధ్య గీతనే అనుసరించింది. చదునైన మట్టి అడుగున రైలు, గోదాములు, అల్నాబ్రూ సరుకు టెర్మినల్. వాలు మీదా గుట్టల మీదా ఇళ్లు. 1966లో మెట్రో గ్రోరుడ్ దాకా వచ్చింది, అమ్మెరుడ్ ఎత్తైన బ్లాకులు ఆ దశాబ్దంవే. 1974లో మెట్రో రొమ్‌సోస్‌కి చేరింది, అక్కడ స్టేషన్ను బండ లోపలే తొలిచారు. అల్నా నది మట్టిని కోసి చేసిన లోతైన పాయల్ని మాత్రం చాలా చోట్ల పూడ్చేశారు, నదిని పైపుల్లోకి తోశారు. పాత మ్యాపులో పాయ ఉండి ఇప్పటి మ్యాపులో చదునుగా ఉంటే అక్కడ నింపింది మట్టే కాకపోవచ్చు. పర్యావరణ శాఖ వారి కలుషిత నేలల జాబితా కూడా చూడాలి. ఇప్పుడు నదిని మళ్లీ బయటికి తెస్తున్నారు: 2004లో హోలాలొక్కా దగ్గర, తర్వాత 2013లో తెరిచిన గ్రోరుడ్ పార్కులో. ఆ పార్కులో లైర్‌ఫోస్సెన్ జలపాతం దగ్గర నీరు బండ మీంచి దూకడం చూస్తే మీ పెరటి సమస్య అంతా ఒకే చోట అర్థమవుతుంది.

వాలుమీద_ఇల్లు

అందరికీ ధన్యవాదాలండి. చెప్పిన పద్ధతిలో ఊచ దించాం. ఎగువ వరుసలో 20 నుంచి 40 సెంటీమీటర్లకే మోగింది. మధ్య వరుసలో 90 సెంటీమీటర్లు, 1.1 మీటర్లు. దిగువ వరుసలో ఒక చుక్క 1.6 మీటర్లు, దాని పక్కదే 3.4 మీటర్లు, మూడోది 4 మీటర్లకి కూడా తగల్లేదు. పిసికిన గడ్డ కారలేదు. లేజర్ మ్యాపులో క్వారీ నోరు మా ఇంటికి పక్కగా ఉంది. ఇంకో రెండు ప్రశ్నలు: గదిని ఎగువకి జరిపితే పైళ్లు తప్పుతాయా? అడవిలోని పారబోత రాయిని స్లాబు కింద నింపడానికి వాడవచ్చా?

జవాబు 4: మట్టి_కొలత

మీ అంకెలు విలువైనవి. 1.6 పక్కనే 3.4 అంటే పైన చెప్పిన నిట్టనిలువు పతనం సరిగ్గా అక్కడే. గదిని రెండు మీటర్లు ఎగువకి జరపండి. అప్పుడు దిగువ అంచు కూడా మీటరు చిల్లర లోతులోనే ఆగుతుంది, మట్టి తీసేసి అంతా బండ మీదికి దింపవచ్చు. ఎగువన కాస్త బండ పేల్చాల్సి వస్తుంది. పేల్చేముందు పక్క ఇళ్ల గోడల ఫొటోలు తీయించి, అదురు కొలిచే మీటర్లు పెట్టించండి. పరిమితులు ఎన్‌ఎస్ 8141 ప్రమాణంలో ఉన్నాయి. అదురును పట్టించుకోకుండా దిగువ మట్టి పక్కన పేల్చడం క్విక్ క్లే ఉన్నచోట నిజమైన ప్రమాదం. గడ్డ కారలేదు సరే, కానీ 4 మీటర్ల కింద ఏముందో ఆ పరీక్షకి తెలియదు. అందుకే దిగువ అంచు బయట యంత్రంతో ఒక్క బోరింగు వేయించండి. సముద్రపు బంకమట్టి ఉన్న స్థలంలో నార్వే భవన నిర్మాణ నియమావళి టెక్17లోని 7-3 నిబంధన, ఎన్‌వీఈ 1/2019 మార్గదర్శకం ఎలాగూ భద్రత చూపమంటాయి. తవ్వి తీసిన మట్టిని దిగువ పెరట్లో కుప్ప పోయించకండి, ఒక్క రాత్రికైనా సరే. లారీ మీదికే ఎక్కాలి.

పారబోత రాయి వద్దు. అడవి మీది కాదు అన్నది మొదటి కారణం. రెండోది, పెద్ద పెద్ద రాళ్ల మధ్య ఖాళీలు మిగిలి, వాటిలోకి సన్నమట్టి కొట్టుకొచ్చి, స్లాబు కింద గుల్ల ఏర్పడుతుంది. పేల్చిన బండను సమం చేసి, మట్టి తగిలే చోట ఫైబర్‌డూక్ (మట్టిని, కంకరను విడదీసే గుడ్డ) పరిచి, దానిమీద కడిగిన కంకర కనీసం 20 సెంటీమీటర్లు, పొరలు పొరలుగా కూరండి.

జవాబు 5: నార్డ్‌మార్కా_రాళ్లు

కంకర పోసేటప్పుడే రాడాన్ పని కూడా తేల్చుకోండి, తర్వాత స్లాబు పగలగొట్టడం దండగ. ఓస్లోలో రాడాన్ అనగానే ఆలమ్ షేల్ గుర్తుకొస్తుంది, అది యురేనియం మోసే రాయి కాబట్టి న్యాయమే. మీ కింద ఆలమ్ షేల్ లేదు. అయినా గ్రానైట్ జాతి రాళ్లలో కూడా కొంత యురేనియం ఉంటుంది, పైగా పగిలిన బండా గుల్ల కంకరా గాలిని బాగా లాగుతాయి. బిగువైన తడి బంకమట్టి మీది ఇంటికన్నా బండ మీది ఇంటికి నేల గాలి తేలిగ్గా చేరుతుంది. కంకర కొనేటప్పుడు అది ఏ క్వారీదో, రాడియం కొలత ఉందో లేదో అడగండి.

నార్వేలో చర్య తీసుకోవలసిన స్థాయి ఘనపు మీటరుకి 100 బెక్వెరెల్ (రేడియోధార్మికత కొలిచే ప్రమాణం), దాటకూడని గరిష్ఠం 200. కొత్త గదికి టెక్17 రెండు అడుగుతుంది: నేలకి గాలి చొరని పొర, 100 దాటితే నడిపించుకునేలా కంకరలో ముందే వేసిన పీల్చుడు గొట్టం. పొర చిరిగేది మధ్యలో కాదు. పైపులు పైకి వచ్చే చోట, కొత్త స్లాబు పాత పునాది గోడను తాకే గీత వెంట. మీ గదిలో ఆ గీత పొడవాటిది, అక్కడ కదిలే జాయింటు కూడా ఉంది కాబట్టి పొరను మడత వదిలి అతికించాలి, బిగదీస్తే మొదటి కుంగుకే తెగుతుంది. ఇప్పుడున్న ఇంట్లో ఈ చలికాలమే కొలవండి: అక్టోబరు సగం నుంచి ఏప్రిల్ సగం మధ్య, కనీసం రెండు నెలలు, స్పోర్‌ఫిల్మ్ డబ్బీలతో (రాడాన్ గుర్తులు పట్టే ఫిల్ము ఉన్నవి), పడకగదిలో ఒకటి, ఎక్కువగా గడిపే గదిలో ఒకటి. కిటికీ పక్కన, హీటరు పైన పెట్టొద్దు. గది పూర్తయ్యాక వచ్చే చలికాలంలో అవే చోట్ల మళ్లీ పెట్టి, కొత్త గదిలో ఇంకొకటి చేర్చండి.